అన్నం ముట్టించడానికి సంక్రాంతి దాకా ఆగాలా?

దేవరకొండకు దగ్గరి ఊరి నుంచి ఒక తల్లి నాలుగు పేజీల ఉత్తరం రాశారు. పేరు, ఊరు వేయొద్దన్నారు. ఆమె రాసింది ఇదీ.

ఆమెకు 24 ఏళ్లు. డిగ్రీ చదివారు. మొదటి కాన్పు. పాపకు ఇప్పుడు ఏడున్నర నెలలు. పుట్టినప్పుడు 2.8 కిలోలు ఉంది, ఐదో నెలకు 6.1 కిలోలు అయింది. మొన్న అంగన్‌వాడీలో తూచితే 6.4 దగ్గరే ఆగింది. ఆమె మామయ్య ఈ సంక్రాంతికి చనిపోయారు. ఏడాది తిరిగేదాకా ఇంట్లో ఏ శుభకార్యమూ చేయొద్దని, పాపకు అన్నం ముట్టించడం సంవత్సరీకం అయ్యాకేనని అత్తమ్మ పట్టుబట్టారు. అంటే అప్పటికి పాపకు 14 నెలలు నిండుతాయి. భర్త హైదరాబాద్‌లో డ్రైవర్. పదిహేను రోజులకోసారి వచ్చి "అమ్మ చెప్పినట్టు విను" అని వెళ్లిపోతారు.

అన్నం వద్దన్న అత్తమ్మే పొద్దున, సాయంత్రం చాయ్‌లో బిస్కెట్ ముంచి పాప నోట్లో పెడతారట. అడిగితే "అది అన్నం గాదు గదా" అంటారట. అత్తమ్మ పత్తి గింజలు పెట్టడానికి చేనుకు పోయినప్పుడు, పొద్దున వండిన అన్నం కొంచెం డబ్బాలో దాచి, పప్పు తేటతో కలిపి ఈమె రహస్యంగా తినిపిస్తున్నారు. "ఒడిలో పడుకోబెట్టుకునే పెడుతున్న. ఎవరన్న వస్తే పాలిస్తున్నట్టు కనబడాలె గదా" అని రాశారు. పది రోజుల కింద అలా తినిపిస్తుంటే పాపకు పొలమారింది. ముఖం ఎర్రబడి, దగ్గి దగ్గి కక్కుకుంది. అప్పటి నుంచి చేయి వణుకుతోందట. "శాస్త్రం చేయకుండ, దొంగతనంగ పెట్టినందుకే అట్లయిందా?" అని అడిగారు. ఇంకో మాట కూడా రాశారు. అత్తమ్మకు రెండో సంతానంగా పుట్టిన బాబు పాతికేళ్ల కింద పది నెలల వయసులో, ఎండాకాలంలో వాంతులు, విరేచనాలతో పోయాడట. ఈ సంగతి అత్తమ్మ ఎప్పుడూ చెప్పలేదు. పక్కింటి పెద్దమ్మ చెప్పింది.

ఇక నీళ్లు. భగీరథ నల్లా రోజు విడిచి రోజు వస్తుంది. రాని రోజు బోరు నీళ్లు కాచి వాడుకుంటారు. "నేను ఏం చేయాలె? అందరికీ చెప్పి పెట్టాల్నా, ఇట్లనే కానియ్యాల్నా, తల్లిగారింటికి పోవాల్నా?" ఇదీ ప్రశ్న.

చెల్లె, మీకు రాత్రిళ్లు నిద్ర పట్టనివ్వని మాట దగ్గరే మొదలుపెడతాను. పాపకు పొలమారింది శాస్త్రం జరపకపోవడం వల్ల కాదు. పడుకోబెట్టి పెట్టడం వల్ల. ఇన్నాళ్లూ పాలు చప్పరించడమే తెలిసిన నాలుకకు ముద్దను వెనక్కి తోసి మింగడం కొత్త పని. దానికితోడు పాప వెల్లకిలా ఉంది, పప్పు తేట నీళ్లలా ఉంది. అది పాప సిద్ధపడకముందే గొంతులోకి జారిపోయింది. మెడ నిలబెట్టి, మీ ఒడిలోనే నిటారుగా కూర్చోబెట్టి ఉంటే ఇంత కంగారు అయ్యేది కాదు.

ముఖం ఎర్రబడటం, చప్పుడుతో దగ్గడం, ఓకరించడం, కక్కేయడం, ఇవన్నీ ఒంటికి ఉన్న కాపలా. పిల్లల్లో ఓకరింత పుట్టించే చోటు నాలుక మీద పెద్దవాళ్లకంటే ముందుకు ఉంటుంది. అందుకే కొత్తగా తినే పిల్లలు ఊరికే ఓకరిస్తారు. కొన్ని వారాల్లో తగ్గిపోతుంది. భయపడాల్సింది చప్పుడు లేనప్పుడు. ఏడుపు రాదు, దగ్గు రాదు, పెదాలు నీలంగా మారతాయి. అలా ఎప్పుడైనా అయితే పాపను మీ ముంజేతి మీద బోర్లా, తల కిందికి ఉండేలా పడుకోబెట్టి, రెండు భుజాల మధ్య అరచేతి మడమతో ఐదుసార్లు గట్టిగా తట్టండి. రాకపోతే వెల్లకిలా తిప్పి, రొమ్ము ఎముక కింది సగం మీద ఒక అరచేతి మడమతో ఐదుసార్లు నొక్కండి. అడ్డం పడ్డది బయటికి వచ్చేదాకా ఈ రెండూ మార్చి మార్చి చేయాలి. ఈలోపు పక్కనున్నవాళ్లు 108కు ఫోన్ చేయాలి. కనబడని ముద్ద కోసం నోట్లో వేలు పెట్టి వెతకొద్దు, ఇంకా లోపలికి పోతుంది. ఈ పని చేయాల్సిన అవసరం మీకు రాకపోవచ్చు. కానీ తెలిసి ఉంటే చేయి వణకదు.

సంక్రాంతి దాకా ఆగొచ్చా అంటే, ఆగకూడదు. ఇందులో నేను అటూ ఇటూ మాట్లాడను. ఆరు నెలల దాకా తల్లిపాలు ఒక్కటే చాలు. ఆ తర్వాత పాలు తగ్గిపోవు, చెడిపోవు, పాప అవసరం వాటిని దాటిపోతుంది. ఆరు నుంచి ఎనిమిది నెలల పాపకు తల్లిపాలు కాక రోజుకు సుమారు 200 కిలో కేలరీల ఆహారం కావాలి. కడుపులో ఉన్నప్పుడు మీ నుంచి తెచ్చుకున్న ఇనుము నిల్వ కూడా ఆరో నెలకు దాదాపు అయిపోతుంది. తల్లిపాలలో ఇనుము చాలా తక్కువ. ఆ లోటు బయటి తిండితోనే తీరాలి. ఈ వయసులో ఆడపిల్ల నెలకు సుమారు 300 గ్రాములు పెరగాలి. మీ పాప రెండున్నర నెలల్లో 300 గ్రాములే పెరిగింది. అంగన్‌వాడీలో బరువు రాసే ఎదుగుదల చార్టులో ఇంకా ఆకుపచ్చ భాగంలోనే ఉంది కాబట్టి గుండె జారనవసరం లేదు. కానీ పైకి పోవాల్సిన గీత బల్లపరుపుగా సాగుతోంది, ఆకుపచ్చ భాగం అడుగుకు దగ్గరపడింది. ఇప్పుడు మొదలుపెడితే అందుకుంటుంది. ఇంకో ఆరు నెలలు ఆగితే రక్తం తగ్గి, ముద్ద నమలడం నేర్చుకునే వయసు కూడా జారిపోయి, అప్పుడు అందరికీ కష్టం.

మీరు రాసిన మాటల్లో నన్ను ఎక్కువసేపు ఆలోచింపజేసింది ఆ చాయ్ బిస్కెట్. "అది అన్నం గాదు గదా" అని అత్తమ్మ అన్నారంటే, ఆమె పాపను ఆకలితో ఉంచాలనుకోవడం లేదు. పాపకు ఏదో ఒకటి కావాలని ఆమె చేతికి తెలుసు. ఆమె గీసుకున్న గీత అన్నం దగ్గర. చాయ్ మాత్రం పాపకు మంచిది కాదు. పాపకు అందే కొద్దిపాటి ఇనుమును కూడా ఒంటికి పట్టనివ్వదు. బిస్కెట్‌లో ఉండేది మైదా, చక్కెర. కడుపు నింపి పాల మీద ఇష్టం తగ్గిస్తుంది. కానీ ఆ మాట మీకు ఒక దారి కూడా చూపిస్తోంది. బిస్కెట్ అన్నం కానప్పుడు తైద (రాగి) జావ కూడా అన్నం కాదు. ఉడికించిన కోడిగుడ్డు, మెత్తగా మెదిపిన ఆలుగడ్డ, అరటిపండు, ముద్దపప్పు, అంగన్‌వాడీలో ఇచ్చే బాలామృతం పిండి, ఇవేవీ అన్నం కాదు. బియ్యపు మెతుకు ముట్టించే శాస్త్రాన్ని అత్తమ్మ ఇష్టానికి వదిలేసి, మిగతా తిండి అంతా ఈ వారమే మొదలుపెట్టొచ్చు. ఆమె మాట పోదు, పాప కడుపూ మాడదు. మన పాలమూరు, నల్లగొండ పల్లెల్లో వరి ఇంతగా రాకముందు జొన్న గటక, తైద అంబలి తిని పెరిగినవాళ్లే తాతలు, అవ్వలు. మెతుకు లేకుండా పిల్లలు పెరగరన్నది పాత మాట కానే కాదు.

అయితే చెల్లె, దాచి పెట్టడం మాత్రం ఆపేయమని అడుగుతాను. నీతి కోసం కాదు, పాప కోసం. మీ ఉత్తరాన్ని మళ్లీ చదువుకోండి. పడుకోబెట్టి పెట్టింది ఎవరైనా చూస్తారని. పప్పు తేటతో జారుగా కలిపింది తొందరగా అయిపోవాలని. పొద్దుటి అన్నం డబ్బాలో మధ్యాహ్నం దాకా ఉంచింది మళ్లీ వండితే తెలిసిపోతుందని. ఈ ఎండల్లో వండిన మెతుకు రెండు గంటలు దాటితే పాపకు పెట్టకూడదు, అందులో క్రిములు పుట్టేస్తాయి. ఒకవేళ ఆ డబ్బా అన్నం వల్ల పాపకు విరేచనాలు పట్టుకున్నాయనుకోండి, అత్తమ్మ పాతికేళ్లుగా మోస్తున్న భయమే నిజమైనట్టు ఆ ఇంట్లో నిలబడిపోతుంది. ఆ తర్వాత మీరు ఎంత చెప్పినా వినబడదు.

ఆ భయం గురించి మాట్లాడాలి. మీరు దాన్ని ఉత్తరంలో మూడు వాక్యాల్లో దాటేశారు, నాకు మాత్రం అసలు ముడి అక్కడే ఉందనిపిస్తోంది. పది నెలల బాబు ఎండాకాలంలో పోయాడు. సరిగ్గా పిల్లలు బయటి తిండి తినే రోజులు, సరిగ్గా ఈ వాతావరణం. ఆ తల్లికి అప్పుడు ఎవరూ ఏమీ విడమరిచి చెప్పి ఉండరు. తిండి పెట్టాను, బిడ్డ పోయాడు అని ఆమె మనసులో ముద్ర పడి ఉంటుంది. ఇప్పుడు భర్త కూడా పోయారు. సంవత్సరీకం అన్నది ఆమెకు ఒక కారణం. దాని వెనుక చెప్పుకోలేని కారణం ఇంకోటి ఉండొచ్చు. నేను తప్పుగా ఊహిస్తున్నానేమో, ఆ ఇంట్లో ఉన్నది మీరు, మీకే తెలుస్తుంది. కానీ ఇదే నిజమైతే "శాస్త్రాలన్నీ మూఢనమ్మకాలు" అని వాదించడం వల్ల లాభం లేదు. ఆమె అడగనిదానికి జవాబు చెప్పినట్టవుతుంది.

అప్పటికీ ఇప్పటికీ తేడా ఉందని ఆమెకు తెలియాలి. విరేచనాలతో పిల్లలు పోయేది ముద్ద వల్ల కాదు, ఒంట్లో నీళ్లు, ఉప్పు పోవడం వల్ల. మురికి నీళ్లు, నిల్వ తిండి, కడగని పాలసీసా, వీటితో వచ్చే రోగం అది. ఇప్పుడు ఆశ కార్యకర్త దగ్గర ఓఆర్ఎస్ పొట్లం, జింక్ మాత్రలు ఉంటాయి. లీటరు నీళ్లలో ఒక పొట్లం పూర్తిగా కలపాలి, సగం సగం కలపకూడదు. ఆరు నెలలు దాటిన పాపకు జింక్ రోజుకు 20 మిల్లీగ్రాముల చొప్పున 14 రోజులు, విరేచనాలు ఆగిపోయినా సరే ఇవ్వాలి. పాలు, తిండి ఆపకూడదు. రెండు పొట్లాలు తెచ్చి ఇంట్లో, అత్తమ్మకు కనబడే చోట పెట్టండి. నేను పిల్లల తల్లులతో మాట్లాడే పనిలో ఇన్నేళ్లుగా చూసిందేమిటంటే, పెద్దవాళ్ల భయం మాటలకంటే కళ్ల ముందున్న వస్తువులకే తొందరగా లొంగుతుంది.

ఇక మీ ముందున్న దారులు. ఏది నడవాలో మీరే తేల్చుకోవాలి, ఆ ఇంటి గాలి నాకు తెలియదు.

తల్లిగారింటికి వెళ్లడం మీకు అన్నిటికంటే తేలికగా కనబడుతోంది, ఉత్తరం చదివితే అర్థమైంది. అక్కడ మైల లేదు, మేనమామ ఒడిలో కూర్చోబెట్టుకుని మొదటి ముద్ద పెట్టొచ్చు, మీ అమ్మ చేతి కింద మీకు ధైర్యం వస్తుంది. పాప వరకూ చూస్తే పదిహేను రోజుల్లో తిండికి అలవాటు పడిపోతుంది. కానీ అత్తమ్మకు ఎలా ఉంటుంది? మొగుడు పోయిన ఏడాదిలోనే మనవరాలి ముద్ద కూడా తన గడప దాటిపోయింది. మీరు తిరిగి వచ్చాక ఆమె పాపకు పెట్టదు, మీరు పెడుతుంటే ఆపకపోవచ్చు కూడా. కానీ చేను పనులు మొదలై మీరూ చేతికి చేయి అందించాల్సి వచ్చినప్పుడు పాపను చూసుకునేది ఆమే. రోజుకు మూడుసార్లు తినిపించడం ఒక్కరి పని కాదు. ఆమెతో చెప్పి, ఒప్పించి వెళ్తే ఈ దారిలో నాకేమీ అభ్యంతరం లేదు. అలిగి వెళ్లడమైతే మాత్రం ఇంకోసారి ఆలోచించండి.

మీ ఆయనతో చెప్పించడం ఇంకో దారి. ఆయన "అమ్మ చెప్పినట్టు విను" అంటున్నది పాప బరువు సంగతి తెలియకేమో. చార్టు ఫొటో తీసి పంపండి. 6.1, 6.4 అన్న రెండు అంకెలు, మధ్యలో రెండున్నర నెలలు, అంతే రాయండి. ఫిర్యాదు ఏమీ కలపొద్దు. కొడుకు మాటతో అత్తమ్మ ఒప్పుకోవచ్చు. కానీ అది కొడుకును తన మీదికి ఎగేసినట్టుగా కూడా ఆమెకు తోచొచ్చు. అందుకే ఆయన్ను తీర్పు చెప్పమని కాకుండా ఒక ఆదివారం ఇంట్లో ఉండి, పాపకు తన చేత్తో గుడ్డు పెట్టమని అడగండి. తండ్రి పెట్టిన ముద్దను ఏ నాయనమ్మా లాక్కోదు.

అంగన్‌వాడీ దారి నాకు బాగా నచ్చుతుంది. అంగన్‌వాడీల్లో ఇప్పుడు శ్రీమంతాలు, అన్నప్రాశనలు జరుపుతున్నారు. ఊరి పిల్లలందరితో కలిపి, ఇంటి బయట, ముహూర్తం, విందు ఏవీ లేకుండా. అది మీ ఇంటి శుభకార్యం కిందికి రాదు. టీచర్‌తో ముందుగా మాట్లాడి, అత్తమ్మను స్వయంగా పిలవమని చెప్పండి. కోడలు పిలవడం వేరు, ఊరి టీచర్ ఇంటికి వచ్చి "అవ్వా, నువ్వు రావాలె" అని పిలవడం వేరు. ఇందులో చిక్కు ఏమిటంటే ఊరందరి ముందు ఆమె వద్దనేస్తే తర్వాత ఆ మాట నుంచి వెనక్కి రావడం కష్టం. అందుకని ముందే ఆమె మనసు కొంచెం తెలుసుకోండి. పంతులు గారిని అడగాలన్నా ఆమెనే అడగమనండి, మీరు అడిగొచ్చి చెప్పొద్దు.

వీటన్నిటికంటే ముందు, ఒక సాయంత్రం ఆమె చేను నుంచి వచ్చి కాళ్లు కడుక్కుని కూర్చున్నాక, మీరే మాట్లాడగలరా? దాచి పెట్టిన సంగతి కూడా చెప్పేయండి. పొలమారిందని, భయపడ్డానని చెప్పండి. "అత్తమ్మా, నాకు ఒక్కదానికి పెట్టుడు చేతనైతలేదు. నువ్వు పక్కన కూసుంటే నాకు ధైర్యం" అని. పోయిన బాబు ఊసు మీరుగా ఎత్తొద్దు. ఆమే ఎత్తితే విని ఊరుకోండి, జవాబు అక్కర్లేదు. ఆమె కోప్పడొచ్చు, రెండు రోజులు మాట్లాడకపోవచ్చు. ఆ రెండు రోజులూ తైద జావ మాత్రం ఆపొద్దు, ఆమె కళ్ల ముందే కాచండి.

ఇంకా మంచిది, తైద పిండి ఆమె చేతనే చేయించండి. మొలక తైదల పిండి ఎలా చేయాలో మీకంటే ఆమెకే బాగా తెలుసు. తైదలు రాత్రంతా నానబెట్టి, బట్టలో మూట కట్టి, మొలకలు వచ్చాక ఆరబెట్టి, మొలకలు నలిపి చెరిగేసి, దోరగా వేయించి విసరడం. ఇది ఊరికే పాత అలవాటు కాదు. మొలకెత్తిన గింజలో పిండిపదార్థం విడిపోవడం మొదలవుతుంది. మామూలు పిండి రెండు చెంచాలకే గిన్నెలో గట్టిపడి పాప మింగలేకపోతే, మొలక పిండి ఎక్కువ వేసినా జావ మెత్తగా ఉంటుంది. అంటే అదే గిన్నెలో ఎక్కువ బలం పడుతుంది. పాప కడుపు ఎంతని? కిలో బరువుకు 30 గ్రాముల లెక్కన మీ పాపకు 190 గ్రాములు, రెండు చిన్న చాయ్ గ్లాసులంత. అందులో పప్పు తేట నింపితే నీళ్లు నింపినట్టే. చెంచా వంచితే జారిపోని చిక్కదనం ఉండాలి. పప్పు తేట పెద్దవాళ్లు తాగొచ్చు, పాపకు అడుగున ఉన్న ముద్దపప్పు కావాలి.

మొదట రెండు మూడు చెంచాలతో, రోజుకు రెండుసార్లు. పాలు ఎప్పటిలాగే అడిగినప్పుడల్లా ఇవ్వండి. పది పదిహేను రోజుల్లో రోజుకు మూడుసార్లు, పూటకు అర గిన్నె దాకా వెళ్లండి. గిన్నె అంటే పావు లీటరు పట్టేది. తొమ్మిదో నెల నిండాక మూడు నాలుగుసార్లు. కొత్త రుచికి ముఖం చిట్లించి ఉమ్మేస్తే ఇష్టం లేదని అనుకోవద్దు, అదే మళ్లీ రేపు పెట్టండి, ఎల్లుండి పెట్టండి. పదిసార్లు పెట్టాక తినేవాళ్లు ఉన్నారు. నోరు మూసుకుని తల తిప్పేస్తే ఆ పూటకు చాలించండి. ముక్కు మూసి, కాళ్ల మధ్య పడుకోబెట్టి పోసే ఉగ్గు పద్ధతి వద్దే వద్దు, పొలమారేది అక్కడే.

గుడ్డు గురించి వేరే చెప్పాలి. ఏడు నెలల నుంచి మూడేళ్ల లోపు పిల్లలకు అంగన్‌వాడీలో నెలకు 16 గుడ్లు, రెండున్నర కిలోల బాలామృతం ఇస్తారు. గుడ్డు బాగా ఉడకబెట్టి, పచ్చసొనను తల్లిపాలతోనో, కాచి చల్లార్చిన నీళ్లతోనో మెదిపి పెట్టండి. రెండు రోజులు చూసి తెల్లసొన కూడా పెట్టొచ్చు, ఏడాది దాకా ఆగాలన్నది పాత మాట. ఒళ్లంతా దద్దుర్లు, వాంతులు, మూతి వాపు కనబడితే ఆపి డాక్టరుకు చూపించాలి. బాలామృతంలో గోధుమలు, శనగపప్పు, పాలపొడి, నూనెతోపాటు చక్కెర ముందే ఉంటుంది, మీరు ఇంకా కలపొద్దు. చాలా ఇళ్లలో దాన్ని లడ్డూలు కట్టి అందరూ తినేస్తారు. మీ ఇంట్లో ఆ పొట్లం మీద పాప పేరు రాసి పెట్టండి. మాంసం తినే ఇల్లయితే వారానికోసారి చెంచాడు కార్జం (లివర్) బాగా ఉడికించి మెదిపి పెట్టడం ఇనుముకు మంచి ఉపాయం. కేవలం మాంసం చారు మాత్రం తాగించొద్దు, సారం ముక్కలోనే ఉంటుంది. తోటకూర, పాలకూర పప్పులో వేసి, చివర నాలుగు చుక్కలు నిమ్మరసం పిండితే ఆకులోని ఇనుము బాగా పడుతుంది. పల్లీలు మన నేల పంట, మెత్తటి పొడిగా జావలో కలపొచ్చు, గింజగా మాత్రం నాలుగైదేళ్ల దాకా చేతికి ఇవ్వొద్దు. ఏడాది లోపు తేనె వద్దు, నాలుకకు రాయడం కూడా వద్దు. ఉప్పు, చక్కెర, బెల్లం వద్దు. గేదె పాలు తాగించడం కూడా ఏడాది తర్వాతే. డబ్బాల్లో దొరికే పిండి విషమేమీ కాదు, ప్రయాణంలో పనికొస్తుంది. కానీ ఆ డబ్బుతో ఎన్ని గుడ్లు, పండ్లు వస్తాయో లెక్క వేసుకోండి. ఆశ కార్యకర్త దగ్గర ఐరన్ సిరప్ ఉంటుంది. ఆరు నెలలు నిండిన పిల్లలకు వారానికి రెండుసార్లు ఒక మిల్లీలీటరు చొప్పున ఇస్తారు. ఇంతవరకూ అందలేదంటే వెళ్లి అడగండి.

నీళ్ల సంగతి మీరు చివర్లో మామూలుగా రాసేశారు, నాకు మాత్రం చదువుతుంటే కడుపులో గుబులు పుట్టింది. బోరు నీళ్లు కాచితే క్రిములు చస్తాయి. ఫ్లోరైడ్ పోదు. నీళ్లు ఆవిరైపోయిన కొద్దీ మిగిలినదాంట్లో ఇంకా చిక్కబడుతుంది. మర్రిగూడ, మునుగోడు వైపు వంకర తిరిగిన కాళ్లను చూసిన జిల్లా మనది. పటిక, సున్నంతో ఫ్లోరైడ్ తీసే పద్ధతికి నాగపూర్ శాస్త్రవేత్తలు పెట్టిన పేరే 'నల్లగొండ పద్ధతి'. ఇన్నాళ్లూ పాపకు మీ పాలే కవచం. తల్లి ఏ నీళ్లు తాగినా పాలలోకి ఫ్లోరైడ్ వచ్చేది చాలా తక్కువ. జావ మొదలైన రోజు నుంచి ఆ కవచం సగం తొలగినట్టే. రేపు రాబోయే శాశ్వత పళ్లలో ముందు పళ్లు చిగుళ్ల లోపల గట్టిపడేది సరిగ్గా ఈ వయసులోనే. అందుకని నల్లా వచ్చిన రోజే పాప కోసం మూత ఉన్న బిందె ఒకటి వేరుగా పట్టి పెట్టండి. జావకు, పప్పుకు, తాగడానికి కలిపి పాపకు రోజుకు ఒక లీటరు చాలు. రెండు రోజులకు రెండు లీటర్లు. దాన్ని కాచి చల్లార్చి వాడండి. పెద్దవాళ్ల వంటకు బోరు నీళ్లు తప్పకపోతే, పాప పప్పు వరకు వేరే చిన్న గిన్నెలో ఉడికించండి. మీ ఊరి బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఎంతుందో పరీక్ష చేయించమని పంచాయతీలో అడగండి. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే ఆ నీళ్లు తాగడానికి పనికిరావు.

పెట్టే ముందు సబ్బుతో మీ చేతులు, పాప చేతులు కడగండి. సీసా వద్దు, గిన్నె, చెంచా చాలు. పాప గిన్నెలో చేయి పెట్టి ఒళ్లంతా పూసుకుంటే పూసుకోనివ్వండి. చాయ్ బిస్కెట్ మీద మొదటి రోజే పోట్లాట పెట్టుకోవద్దు. అదే వేళకు అత్తమ్మ చేతికి అరటిపండు ముక్కో, జావ గిన్నో అందిస్తూ పోతే దానంతటదే తగ్గుతుంది. చాయ్ మాత్రం త్వరలోనే ఆగాలి, అది గుర్తుంచుకోండి.

పాప పాలు తాగడం తగ్గించినా, చురుకు తగ్గి ఎప్పుడూ మగతగా ఉన్నా, అరచేతులు తెల్లగా పాలిపోయినా, విరేచనాలతో మూత్రం తగ్గి కళ్లు లోతుకు పోయినా శాస్త్రం, సంవత్సరీకం అన్నీ పక్కన పెట్టి అదే రోజు దవాఖానకు తీసుకెళ్లాలి. అవేవీ లేకపోయినా, వచ్చే నెల తూకంలో 200 గ్రాములైనా పెరగకపోతే పిల్లల డాక్టరుకు ఒకసారి చూపించి రక్తం పరీక్ష చేయించండి. తొమ్మిది నెలలు నిండగానే తట్టు టీకా, దాంతోపాటు విటమిన్ ఎ మొదటి మోతాదు ఉంటాయి, ఆ తారీఖు ఇప్పుడే గోడ మీద రాసి పెట్టుకోండి.

తూకం రోజు అంగన్‌వాడీకి అత్తమ్మను కూడా వెంట తీసుకెళ్లండి. పాపను కాంటాలో కూర్చోబెట్టడం ఆమెకే వదిలేయండి, అంకె ఎంతుందో టీచర్‌తో ఆమెకే చెప్పించండి.